మావయ్యా, ఈ కారు కొంటే డబ్బు పెరుగుతుందా?

బానెట్ ఎత్తి, చాసిస్ నంబరు కొట్టిన చోట గుడ్డముక్కతో గ్రీజు తుడిచి, పల్చటి తెల్లకాగితం ఆనించి, పెన్సిల్ మొన పక్కకు వాల్చి మెల్లగా రుద్దితే అంకెలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. మోటారు ఇన్సూరెన్స్ సర్వేయర్‌గా ముప్ఫై రెండేళ్ళు నేను చేసిన పని అది. విజయవాడ ఆటోనగర్ షెడ్లలో, హైవే పక్కన బోల్తాపడ్డ కారు కోసం దిగిన పొలాల్లో, పోలీస్ స్టేషన్ల ఆవరణల్లో ఎన్ని అచ్చులు తీశానో లెక్క లేదు. కాగితం మీద అంకెలూ ఆర్సీలో అంకెలూ కలిస్తేనే క్లెయిము ముందుకు కదిలేది.

కిందటి నవంబరులో ఒకరోజు ఇంకా తెల్లారకముందే హ్యూస్టన్ నుంచి మా మేనల్లుడు వాట్సాప్‌లో ఓ ఫొటో పంపాడు. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి హెడ్‌లైట్లు, వెనక్కి జారిన టాపు. 1987 నాటి పోర్షే 911 కరేరా. నేను సర్వేయర్ లైసెన్సు తీసుకున్నదీ ఆ ఏడాదే. కింద మెసేజీ: "మావయ్యా, ఇది కొంటున్నా. 78 వేల డాలర్లు. సరదాకి కాదు, ఇన్వెస్ట్‌మెంట్. పదేళ్ళలో డబులవుతుంది."

వాడికి నలభయ్యేళ్ళు. ఇద్దరు పిల్లలు. వాళ్ళావిడకీ ఇదే మాట చెప్పాడట. ఇష్టపడి కొంటున్నానని చెప్పి ఉంటే నేను రంగు బాగుందని అభినందించి ఊరుకునేవాణ్ణి. పెట్టుబడి అన్నాడు కాబట్టి కాగితం, పెన్సిల్ తీసుకున్నాను. వాడితో నెలరోజుల పాటు ఫోన్‌లో నడిచిన ఆ లెక్కే ఇది. ఇప్పుడు మన ఊళ్ళలోనూ స్పోర్ట్స్ కార్లు కనబడుతున్నాయి, 'ఇది ఖర్చు కాదు, ఆస్తి' అని అమ్మేవాళ్ళూ పెరిగారు. అందుకే నలుగురికీ చెప్పాలనిపించింది.

మా నాన్న గుడివాడలో ధాన్యం వ్యాపారం చేసేవాడు. ఎవరైనా ఏదైనా కొనమని వస్తే ఒకే ప్రశ్న వేసేవాడు: "ఏడాదికి అది మనకేం పెడుతుంది?" పొలం కౌలు పెడుతుంది. ఇల్లు అద్దె పెడుతుంది. బ్యాంకు వడ్డీ ఇస్తుంది, మంచి కంపెనీ షేరు డివిడెండ్ ఇస్తుంది. బంగారం ఏమీ పెట్టదు, కానీ బీరువాలో పడి ఉన్నంతకాలం ఏమీ తినదు, అర్ధరాత్రి అవసరమొస్తే తెల్లారేసరికి డబ్బయి చేతికొస్తుంది. కారు మాత్రం నిలబడి ఉన్నా తింటుంది. బ్యాటరీ దిగిపోతుంది, టైరు గట్టిపడుతుంది, రబ్బరు గొట్టాలు పగుళ్ళిస్తాయి, ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది. తిరిగే కారుకి ఒక రకం ఖర్చు, తిరగని కారుకి ఇంకో రకం. కాబట్టి కారు మీద లాభమంటూ వస్తే అమ్మిన రోజున ఒకేసారి రావాలి, అదీ అన్నాళ్ళూ అది తిన్నదంతా తీసేశాక మిగలాలి.

మరి కోట్లకు కోట్లు పలికిన కార్ల సంగతేమిటని వాడు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. ఆ కథలు నిజమే.

ఫెరారీ 250 జీటీఓ ఉంది. 1962 నుంచి 1964 దాకా 36 కార్లు చేశారు. రేసుల కోసం చేసిన బండి, అమెరికాలో అప్పటి ధర 18 వేల డాలర్లు. 2018లో కాలిఫోర్నియాలోని మాంటెరేలో ఆర్‌ఎం సదబీస్ వేలంలో ఒకటి 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. 56 ఏళ్ళకి లెక్కగడితే ఏటా దాదాపు 15 శాతం చక్రవడ్డీ. ఇంకా పైది కావాలంటే మెర్సిడెస్ 300 ఎస్‌ఎల్‌ఆర్ ఊలెన్‌హాట్ కూపే. 1955లో రెండే రెండు చేశారు. అందులో ఒకదాన్ని 2022 మే నెలలో కంపెనీయే స్టుట్‌గార్ట్‌లోని తన మ్యూజియంలో వేలం పెడితే 13 కోట్ల 50 లక్షల యూరోలు వచ్చాయి. మన డబ్బులో వెయ్యి కోట్ల పైమాటే.

ఈ అంకెల వెనక ఒక చిన్న సంగతి ఉంది, వార్తల్లో ఎవరూ చెప్పరు. 2018 నాటి ఆ వేలంలో సుత్తి దెబ్బ పడింది 4 కోట్ల 40 లక్షల దగ్గర. కొన్నవాడు వేలం సంస్థకి మొదటి రెండున్నర లక్షల డాలర్ల మీద 12 శాతం, ఆపైన 10 శాతం కమిషన్ కట్టాడు. 44 లక్షల డాలర్లు అలా మధ్యలో పోయాయి. అంటే అదే కారుని మర్నాడే అదే ధరకి తిరిగి అమ్మినా కొన్నవాడికి 44 లక్షలు నష్టం. పొలానికి రిజిస్ట్రేషన్ ఖర్చులాంటిదే, కాకపోతే పొలం మధ్యలో పంట ఇచ్చి ఆ ఖర్చుని మరిపిస్తుంది.

అసలు విషయం వేరే ఉంది. 1960ల చివర్లో ఈ జీటీఓలంటే కాలం చెల్లిన రేసు బండ్లు. కొత్త రేసుల్లో గెలవలేవు, రోడ్డు మీద ఇంట్లోవాళ్ళతో వెళ్ళడానికి పనికిరావు. మా వాడుండే టెక్సాస్ రాష్ట్రంలోనే విక్టోరియా అని ఒక ఊరుంది. అక్కడ ఒక జీటీఓని దాని యజమాని హైస్కూలుకి దానంగా ఇచ్చేశాడు. మెకానిక్ పని నేర్చుకునే పిల్లలు దాని మీద చెయ్యి తిప్పుకున్నారు. 1972లో స్కూలువాళ్ళు దాన్ని 6,500 డాలర్లకి అమ్మేశారు. కొన్నాయన ట్రైలర్ మీద ఎక్కించి, తెచ్చి తన పొలంలో ఆరుబయట పెట్టాడు. ఎండకీ వానకీ అలా ఏళ్ళ తరబడి ఉంది. ఇవాళ్టి ధరలు చూసి మనకి కడుపు తరుక్కుపోతుంది గానీ, ఆ స్కూలువాళ్ళు తెలివితక్కువ పని చేశారని నేననను. ఆ రోజున ఆ కారు విలువ అంతే. ఏ కారు మీద లోకానికి మమకారం పుడుతుందో అది తయారైన రోజున ఎవరికీ తెలియదు. పాతికేళ్ళు, ముప్ఫయ్యేళ్ళు గడిచాక తెలుస్తుంది.

తెలుసనుకున్నవాళ్ళ గతి ఏమైందో కూడా వాడికి చెప్పాను. 1988 ఆగస్టులో ఫెరారీ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ పోయాడు. అప్పటికే వేడెక్కి ఉన్న పాత కార్ల బజారు ఆయన పోయాక పిచ్చిపట్టినట్టు ఎగిరింది. జపాన్‌లో భూమి ధరలు మండుతున్న రోజులు, అక్కడి డబ్బూ వచ్చి పడింది. జీటీఓ కోటి డాలర్లు దాటింది. సరిగ్గా అప్పుడే బ్రిటన్‌లో జాగ్వార్ కంపెనీ ఎక్స్‌జే220 అనే సూపర్ కారు చూపించింది. 50 వేల పౌండ్లు డిపాజిట్ కట్టి పేరు రాయించుకోవాలి. 350 మించి చెయ్యమన్నారు. జనం ఎగబడ్డారు. వాళ్ళలో చాలామందికి కారు నడిపే ఉద్దేశం లేదు, చేతికి రాగానే ఎక్కువకి అమ్ముకోవాలన్నదే ఆలోచన. 1990 దాటాక బుడగ పగిలింది. కోటి దాటిన జీటీఓ మూడో వంతు కన్నా కిందకి జారింది. ఎక్స్‌జే220 తయారై వచ్చేసరికి ధర 4 లక్షల పౌండ్లు దాటి ఉంది, కొనాలన్న మోజు మాత్రం చల్లారిపోయింది. చూపించినప్పుడు చెప్పిన పన్నెండు సిలిండర్ల ఇంజన్ కూడా ఆరు సిలిండర్లయింది. డబ్బు కట్టినవాళ్ళు వద్దు మొర్రో అని కోర్టుకెక్కారు. చివరికి 300 కార్లు కూడా తయారుకాలేదు. రియల్ ఎస్టేట్ వెంచర్లలో అడ్వాన్సులు కట్టి ఇరుక్కున్న మనవాళ్ళను చూసినవాళ్ళకి ఈ కథ కొత్తగా ఉండదు.

సర్వేయర్‌గా నాకు చాలా ఇష్టమైన కేసు ఒకటుంది. మిస్టర్ బీన్‌గా మనందరికీ తెలిసిన నటుడు రోవన్ ఆట్కిన్సన్‌ది. ఆయన 1997లో మెక్‌లారెన్ ఎఫ్1 కొన్నాడు, 6 లక్షల 40 వేల పౌండ్లకి. డ్రైవర్ సీటు మధ్యలో, అటొకటి ఇటొకటి వెనక్కి రెండు సీట్లు ఉండే కారు అది. కంపెనీ 300 చేద్దామనుకుని మొదలుపెట్టి, అమ్ముడుపోక 106తో ఆపేసింది. ఆట్కిన్సన్ దాన్ని షెడ్డులో పెట్టి గుడ్డ కప్పలేదు. హాయిగా రోడ్లమీద తిరిగాడు. 1999లో ఒకసారి ముందు కారుని గుద్దాడు. 2011లో కారు అదుపుతప్పి చెట్టుని గుద్దుకుని మంటలంటుకుంది. ఆయన భుజానికి దెబ్బ తగిలింది. బాగుచెయ్యడానికి ఏడాది పైన పట్టింది, ఇన్సూరెన్స్ కంపెనీ కట్టిన బిల్లు 9 లక్షల 10 వేల పౌండ్లు. ఆయన కొన్న ధర కంటే ఎక్కువ.

మన దగ్గరయితే ఆ కారు ఏమయ్యేదో నాకు తెలుసు. బాగుచేసే ఖర్చు పాలసీలో రాసిన విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ రాసి, బండిని తుక్కు కింద వేలం వెయ్యడమే. అలాంటి రిపోర్టులు నేను ఎన్నో రాశాను. అక్కడ బాగుచేయించారంటే కారణం, అప్పటికే దాని విలువ ఆ బిల్లుకి కొన్ని రెట్లు పెరిగి ఉండటం. 2015లో ఆయన దాన్ని 80 లక్షల పౌండ్లకి అమ్మాడు. అప్పటికి అది 41 వేల మైళ్ళు తిరిగింది, రెండుసార్లు గుద్దుకుంది. పెట్టుబడి అనుకుని కొన్నవాళ్ళెందరో మునిగారు, నడపడానికి కొన్న ఈయనకి పన్నెండు రెట్లు వచ్చింది. అలా అని ప్రతివాడికీ వస్తుందని కాదు. 106 కార్లే ఉన్న బండి అది. మావాడి కారు వేలల్లో తయారైంది.

ఇక వాడి కారు దగ్గరికి. పోర్షే 911ని 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ షోలో మొదట చూపించారు. ఇంజన్ వెనక చక్రాల వెనకాల ఉంటుంది. 1998 దాకా దానికి రేడియేటర్ లేదు, నీళ్ళు పోసే పని లేదు. పెద్ద ఫ్యాన్ తిరిగి గాలితో ఇంజన్‌ని చల్లబరుస్తుంది. ఆ ఫ్యాన్ చప్పుడు, ఆ ఇంజన్ మోత ఇక కొత్త కార్లలో రావు. అందుకే గాలితో చల్లబడే 911లంటే జనం పడిచస్తారు. 2012 తర్వాత మూడు నాలుగేళ్ళలో వాటి ధరలు బాగా పెరిగాయి. మావాడి నమ్మకం అక్కణ్ణుంచే పుట్టింది.

"సరే, ఆ కారు 1987లో కొత్తగా ఎంతరా?" అన్నాను. దాదాపు 40 వేల డాలర్లన్నాడు. ఇప్పుడు 78 వేలు. దాదాపు రెట్టింపు. అయితే అమెరికాలో ధరల పెరుగుదల లెక్కేస్తే 1987 నాటి 40 వేలు ఇవాళ లక్షా పదివేలకి సమానం. అంటే మొదటి యజమాని ముప్ఫై ఏడేళ్ళు జాగ్రత్తగా చూసుకున్నా, కూరగాయల ధర పెరిగినంత కూడా కారు ధర పెరగలేదు. అదే 40 వేలు పెట్టి బంగారం కొని ఉంటే? 1987 చివర్లో ఔన్సు 480 డాలర్ల చుట్టూ ఉంది, 2024 చివరికి 2,600 దాటింది. రెండు లక్షల పదిహేను వేలు అయ్యేది. అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 అప్పుడు 247, 2024 చివరికి 5,881. డివిడెండ్లు వదిలేసినా తొమ్మిదిన్నర లక్షలు.

ఫోన్‌లో కాసేపు మాట లేదు. తర్వాత వాడు, "మావయ్యా, 2003లో ఇవి 20 వేలకి దొరికేవి. అప్పుడు కొన్నవాడికి నాలుగు రెట్లు" అన్నాడు. నిజమే. ఏటా ఆరు శాతం చొప్పున పడుతుంది, ఖర్చులు తీయకుండా. ఖర్చులు ఎంతవుతాయో వాణ్ణే కనుక్కుని రాయమన్నాను. నాకు తోచింది రాస్తే మావయ్య చాదస్తం అనుకుంటాడు. మూడు రోజుల తర్వాత వాడు పంపిన లెక్క ఇది: పాత కార్లకిచ్చే ప్రత్యేక ఇన్సూరెన్స్ ఏడాదికి 900 డాలర్లు. హ్యూస్టన్ ఉక్కకి తుప్పు పట్టకుండా ఏసీ గోడౌన్‌లో ఉంచడానికి నెలకి 250, అంటే ఏడాదికి మూడు వేలు. సర్వీసు, టైర్లు, చిల్లర పనులు కలిపి ఏడాదికి 2,500. మొత్తం 6,400. పదేళ్ళకి 64 వేలు. ఇంజన్ విప్పి కట్టాల్సివస్తే ఇరవై వేలదాకా అవుతుందని మెకానిక్ చెప్పాడట, అది ఇందులో కలపలేదు.

వాడన్నట్టే పదేళ్ళలో రెట్టింపై లక్షా 56 వేలు పలికిందనుకుందాం. పెరిగింది 78 వేలు. తిన్నది 64 వేలు. మిగిలేది 14 వేలు. అమెరికాలో పాత కార్లని సేకరణ వస్తువుల కింద లెక్కగడితే లాభం మీద 28 శాతం దాకా పన్ను పడుతుంది. గోడౌన్ అద్దెనీ సర్వీసు బిల్లునీ ఆ లాభంలోంచి తీసెయ్యనివ్వరు. 78 వేల మీద 28 శాతమంటే 21,800 పైన. కారు రెట్టింపయినా జేబులోంచి ఎనిమిది వేలు పోతాయి. అదే 78 వేలు నాలుగు శాతం వడ్డీకి పడేస్తే పదేళ్ళకి లక్షా 15 వేలు, గోడౌన్ అద్దె లేకుండా.

"డబులైనా లాసేనా!" అన్నాడు. మా చెల్లెలికి చెప్పాడట, మావయ్య నా కారుని కాగితం మీదే గుద్దేశాడని. అందులో నాకు సంతోషమేమీ లేదు. వాడికి కార్లంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. అయినా ఈ లెక్క వాడు ఇప్పుడే చూడాలి, పెద్దపిల్ల కాలేజీకి వెళ్ళే ఏడాది చూస్తే లాభం లేదు.

ధరలు ఎందుకు పెరుగుతాయన్నదీ వాడికి చెప్పాను. నా చిన్నప్పుడు నాన్న మమ్మల్ని ఫియట్‌లో మద్రాసు తీసుకెళ్ళినప్పుడు ఒకసారి షోలవరం రేసులు చూపించాడు. యుద్ధకాలంలో వేసిన పాత రన్‌వే మీద పెట్టేవారు. ఎక్కువగా మన ఫియట్లే పరుగెత్తాయి. మధ్యలో ఎవరిదో ఒక ఎర్ర విదేశీ కారు, మోకాలెత్తు ఉంటుందేమో, పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని పేరేమిటో ఇప్పటికీ తెలియదు, చప్పుడు మాత్రం చెవిలో ఉంది. నా చేతిలో కోట్లుండి ఆ కారు ఎదురుపడితే ఎంతైనా ఇచ్చి ఉండేవాణ్ణి. బజారులో ధర పెంచేది ఇదే. 1980ల్లో గోడమీద 911 బొమ్మ అంటించుకున్న పిల్లలు 2010లకి నలభైల్లో, యాభైల్లో పడి డబ్బు చూశారు, ఆ కార్లు కొన్నారు, ధర పెరిగింది. 1930ల నాటి కార్లని అలా ప్రేమించిన తరం వెళ్ళిపోతోంది, వాటిలో చాలావాటికి అడిగేవాళ్ళు తగ్గారు. పదిహేనేళ్ళ తర్వాత 911 కోసం వెతికేది ఎవరు? మావాడి పిల్లల గోడమీద ఏ కారు బొమ్మా లేదు. ఇది నేను అడిగితే వాడే చెప్పాడు.

మన దగ్గర కొత్త స్పోర్ట్స్ కారు కొని ఆస్తి అనుకునేవాళ్ళ సంగతి ఇంతకంటే తేలిక. దిగుమతి చేసుకున్న ఖరీదైన కారు విలువ రేవులో వంద రూపాయలనుకోండి. 40 వేల డాలర్లు దాటిన కారుకి సుంకం 110 శాతం, అది 210 అవుతుంది. దాని మీద, 2025 సెప్టెంబర్ 22 నుంచి అమలవుతున్న 40 శాతం జీఎస్టీ వేస్తే 294. దాని పైన లైఫ్ ట్యాక్స్. ఆ కారులో కారు వంద రూపాయలే, మిగిలింది పన్ను. పన్ను ఎవరూ తిరిగి కొనరు. పైగా 2025 జూలైలో బ్రిటన్‌తో చేసుకున్న ఒప్పందంలో అక్కడినుంచి వచ్చే కార్లలో కొంత సంఖ్య వరకూ సుంకాన్ని క్రమంగా 10 శాతానికి తగ్గించడానికి మన ప్రభుత్వం ఒప్పుకుంది. రేపు అదే కారు తక్కువకి దిగుతుంటే నిన్న ఎక్కువ సుంకం కట్టి తెచ్చిన కారుని పాత ధరకి ఎవరు అడుగుతారు?

మా ఇన్సూరెన్స్ పట్టీ ఇంకా కఠినం. పాలసీలో రాసే విలువని, ఐడీవీ అంటాం, షోరూమ్ ధరలోంచి కారు వయసు ఆరు నెలలు దాటితే 15 శాతం, ఏడాది దాటితే 20, రెండేళ్ళు దాటితే 30, మూడేళ్ళు దాటితే 40, నాలుగు దాటితే 50 శాతం తగ్గించి రాస్తారు. లైఫ్ ట్యాక్స్ ఆ లెక్కలోకే రాదు. కారు పేరు ఏదైనా పట్టీ ఒకటే.

ఒక్క మాట మాత్రం కారు తరఫున చెప్పాలి. మన దేశంలో సొంతానికి వాడుకున్న కారుని లాభానికి అమ్మితే ఆ లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, వాడుక వస్తువు కింద లెక్క. అలాగే యాభయ్యేళ్ళు దాటి, అసలు రూపం మారని బండ్లకి 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నారు, నంబరులో వీఏ అని వస్తుంది, ఫీజు 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది. రోజూ వాడుకోవడానికి మాత్రం వీల్లేదు. 'అసలు రూపం మారని' అన్న ముక్క దగ్గరే మా ఇంటి కథ ఉంది.

నాన్న ఫియట్ 1964 మోడలు 1100. గేరు స్టీరింగ్ పక్కనే ఉండేది. ముందు సీటు ఒకే బల్లలా ఉండేది, ముగ్గురం కూర్చునేవాళ్ళం. మా మేనల్లుడు పుట్టినప్పుడు ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది ఆ కారులోనే, మా అమ్మ ఒళ్ళో. 1990లో గల్ఫ్ గొడవతో పెట్రోలు ధర పెరిగింది, అప్పటికే ఇంజన్ బోరుకొచ్చింది. వాడేసిన డీజిల్ ఇంజన్ ఒకటి ఎక్కిస్తే సగం ఖర్చుతో తిరగొచ్చన్నారు. నాన్న ఒక షెడ్డులో పని పెట్టించాడు. పాత ఇంజన్ మాత్రం దాచి ఇవ్వమని చెప్పాడు. నేనూ చెప్పాను. వారం తర్వాత వెళితే షెడ్డులో ఆ ఇంజన్ లేదు. తూకానికి తుక్కుకి వేసేశామన్నారు, ఆ డబ్బు లేబరు కింద జమ కట్టుకున్నామన్నారు. నాన్న ఏమీ అనలేదు. నేను ఆ రోజు చాలా గొడవపడ్డాను, ఇప్పటికీ గుర్తొస్తే మనసు మండుతుంది.

మూడేళ్ళ కిందట హైదరాబాద్ నుంచి పాత కార్లు సేకరించే పెద్దమనిషి ఒకాయన ఫియట్ చూడ్డానికి వచ్చారు. బాడీ చూశారు, తలుపు వేసి తీసి చప్పుడు విన్నారు, మొహం విప్పారింది. బానెట్ ఎత్తారు. రెండు క్షణాలు చూసి మెల్లగా దించారు. "మాస్టారూ, ఒరిజినల్ ఇంజన్ ఉందా?" అన్నారు. లేదన్నాను. కాఫీ తాగి, మా ఆవిడకి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. చాసిస్ నంబరు ఒకటి, దానితో పుట్టిన ఇంజన్ నంబరు ఒకటి. ఆ జంట విడిపోతే సేకరణవాళ్ళకి బండి అనాథ.

అందుకే మావాణ్ణి ఒకటే అడిగాను. కొనేముందు అమ్మేవాడికి సంబంధం లేని మెకానిక్ చేత చూపించు, ఇంజన్ నంబరు ఫొటో తీయించు, ఆ చాసిస్‌తో ఏ ఇంజన్ పుట్టిందో కంపెనీ నుంచి కాగితం తెప్పించు. 450 డాలర్లు తీసుకుని మెకానిక్ చూశాడు. పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టాడు, లిఫ్టు మీద పైకెత్తి అడుగు చూశాడు. కంప్రెషన్ ఆరు సిలిండర్లలోనూ సమంగా ఉంది, తుప్పు లేదు. ఫ్యాన్ పక్కన టార్చి వేసి తీసిన ఫొటోలో ఇంజన్ నంబరు స్పష్టంగా కనబడింది. కాగితంలో ఉన్నదానితో కలవలేదు. ఎప్పుడో, ఏ యజమానో ఇంకో కారు ఇంజన్ తెచ్చి పెట్టించాడు. అమ్మేవాడికి కూడా తెలియదు, అతనూ బాధపడ్డాడట.

ఆ రాత్రి వాడు ఫోన్ చేశాడు. "ఇన్వెస్ట్‌మెంట్ పోయింది మావయ్యా."

"కారెలా ఉందిరా?"

"కారు... చాలా బావుంది. మెకానిక్ పక్కన కూర్చుని ఒక రౌండ్ వెళ్ళాను."

వారానికి ధర 61 వేలకి దిగింది. భార్యాభర్తలిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. పిల్లల చదువుకి దాచినదీ, షేర్లలో ఉన్నదీ కదపలేదు. ఈ ఏడాది వచ్చిన బోనస్, రెండేళ్ళుగా ఇంటి మరమ్మతు అనుకుని చెయ్యకుండా వదిలేసిన డబ్బు కలిపి కొన్నారు. ఇంటి లెక్కల్లో దాన్ని ఖర్చు కిందే రాశామని కోడలు నాకు ఫోన్‌లో చెప్పింది. ఏసీ గోడౌన్ మాట ఇక ఎత్తలేదు. కారు ఇంటి గరాజ్‌లోనే ఉంటుంది. శనివారం కూరగాయలకి అందులో వెళుతున్నారు, మొన్న గాల్వెస్టన్ సముద్రం దాకా వెళ్ళొచ్చారు. చిన్నపిల్ల వెనకసీటులో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఇంజన్ నా వీపు వెనకే అరుస్తోంది తాతయ్యా అని వాయిస్ మెసేజీ పెట్టింది. వెనకాల ఆ ఫ్యాన్ చప్పుడు వినబడుతోంది. నేను రెండోసారి మా ఆవిడకి వినిపించాను.

ఏప్రిల్‌లో మేమిద్దరం అక్కడికి వెళుతున్నాం. పెట్టెలో ఆవకాయ జాడీ పక్కన పల్చటి తెల్లకాగితాలు నాలుగు, ఒక పెన్సిల్ పెట్టుకున్నాను.